ర్యాంపు లేని చోట లారీ మీది ట్రాక్టరు, జేసీబీ దించడం ఎలా: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది చీపురుపల్లి పక్క పల్లె. ట్రాక్టర్లు, కోత మిషన్లు కొని తెచ్చుకునేవాళ్లకు తోడుగా వెళ్లడం నాకు చాలా ఏళ్లుగా అలవాటు. వరికోతల సీజను మొదలైతే చాలు, రణస్థలం నుంచి పాలకొండ దాకా తెలిసినవాళ్లు ఫోన్ చేస్తారు. అందరూ అడిగేది ఒకటే: "బండి వచ్చేసింది, లారీకి ర్యాంపు లేదు, ఇప్పుడెలా?" ఫోన్లో అరకొరగా చెప్పిన మాటలనే ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను.

అసలు ర్యాంపు లేకుండా దించవచ్చా?

దించవచ్చు. కానీ లారీ బెడ్‌కూ నేలకూ మధ్యనున్న ఎత్తును ఏదో ఒకదానితో పూడ్చాలి. గట్టు, ప్లాట్‌ఫారం, లారీ వెనుక చక్రాలకు తవ్విన గొయ్యి, లేదంటే క్రేన్. ఈ నాలుగింటిలో ఒక్కటీ కుదరకపోతే బండి ఆ పూట లారీ మీదే ఉండాలి. లారీకి ఒకరోజు వెయిటింగ్ చార్జీ కట్టినా ఫర్వాలేదు. "ఏటీ కాదు బాబూ, దిగిపోద్ది" అనే మాట విని దూకించినవాళ్ల బండ్లు చాలా చూశాను. ముందు ఇరుసు వంగినవి, స్టీరింగ్ రాడ్ విరిగినవి, పక్కకు పడుకున్నవి.

ఎంత ఎత్తు, ఎంత బరువు అని లెక్క వేసుకోవాలి?

మామూలు లారీ బెడ్ 4 నుంచి 5 అడుగుల ఎత్తులో ఉంటుంది. లో బెడ్ ట్రైలర్ అయితే సుమారు 3 అడుగులు. మన దగ్గర ఎక్కువగా తిరిగే 40, 50 హెచ్‌పీ ట్రాక్టరు 2 టన్నుల చుట్టుపక్కల తూగుతుంది. రబ్బరు చైను మీద నడిచే వరికోత మిషన్ 3 టన్నుల దాకా, జేసీబీ ఏడున్నర టన్నుల దాకా ఉంటాయి. వెనుక టైర్లలో నీళ్లు నింపి ఉంటే ఆ బరువు కూడా కలపాలి. వెనుక రొటావేటర్ తగిలించి ఉంటే ఇంకో 400, 500 కిలోలు కలుస్తాయి, అదీ వెనుక వైపే. కేజ్ వీల్స్‌తో (దమ్ముకు తగిలించే ఇనుప చక్రాలతో) మాత్రం ఎప్పుడూ దించవద్దు. ఇనుప చక్రం చెక్క మీదా జారుతుంది, ఇనుము మీదా జారుతుంది.

రెండు పలకలు వేసి దించేయకూడదా?

ఎక్కువమంది చేసేది ఇదే, ఎక్కువ ప్రమాదాలు జరిగేదీ ఇక్కడే.

లెక్క చాలా సులువు. 4 అడుగుల ఎత్తుకు 8 అడుగుల పలక వేస్తే, బండి బరువులో సగం దాన్ని కిందికి లాగుతుంది. 2 టన్నుల ట్రాక్టరుకు అది ఒక టన్ను. అదే ఎత్తుకు 16 అడుగుల పలక వేస్తే లాగేది నాలుగో వంతే, అంటే 500 కిలోలు. కాబట్టి పలక ఎంత పొడవుంటే అంత మంచిది అనిపిస్తుంది. కానీ పొడవు రెండింతలైతే, అదే మందం ఉన్న పలక నడుమ ఎనిమిది రెట్లు ఎక్కువ వంగుతుంది. అందుకే పొడవు పలకకు మధ్యలో ఊతం తప్పనిసరి. పాత రైలు స్లీపర్లు అడ్డదిడ్డంగా కాకుండా ఒక వరస నిలువు, ఒక వరస అడ్డం పేర్చి, వాటి మీద పలక ఆనేలా చూడాలి. ఇసుక బస్తాలు ఊతంగా పనికిరావు. బరువు పడగానే పక్కకు ఉబ్బి జారిపోతాయి.

నాకు ఇది అనుభవం మీద తెలిసింది. మేము కొన్న మొదటి ట్రాక్టరును మా కల్లం దగ్గర దించాం. రెండు పలకలు వేశాం, వాటిని లారీకి కట్టలేదు. వెనుక చక్రం పలక అంచు ఎక్కగానే ఆ తోపుడుకు పలక లారీ నుంచి ఊడి కిందికి జారిపోయింది. ట్రాక్టరు ఎడమ వైపుకు ఒరిగింది. మా తమ్ముడు పలకను చేత్తో పట్టుకుని ఉన్నాడు. అతని కుడిచేతి రెండు వేళ్లు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోవు. ఆ రోజు ఒక గొలుసు, రెండు మేకులు ఉంటే సరిపోయేది.

కాబట్టి పలక పై కొనకు కొక్కెం ఉండాలి, లేదంటే గొలుసుతో లారీ చాసీకి బిగించి కట్టాలి. కింది కొన వెనక్కి జారకుండా నేలలో గూటాలు దిగ్గొట్టాలి. పలకను మనిషి పట్టుకోవడం, కాలుతో తొక్కి ఉండడం అనే మాటే వద్దు.

గట్టుకు ఆనించి దించడం ఎలా?

నాకు అన్నిటికంటే నమ్మకం ఉన్న పద్ధతి ఇదే. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో దీనికి చోటు వెతుక్కోనక్కర్లేదు. చెరువు గట్లు, కాలువ గట్లు, రోడ్డుకూ పొలానికీ మధ్య మెరకలు, గ్రావెల్ తవ్విన చోట మిగిలిన దిబ్బలు ఎక్కడైనా కనిపిస్తాయి. లారీ పల్లంలో నిలబడాలి, దాని వెనుక అంచు మెరకకు ఆనాలి, బండి నేరుగా మెరక మీదికి నడవాలి.

అన్ని గట్లూ బరువు మోయవు. రోజూ ట్రాక్టర్లు, ఎడ్లబండ్లు తిరిగి గట్టిపడిన ఎర్రమట్టి గట్టు మోస్తుంది. ఈ మధ్యే పూడిక తీసి పోసిన మట్టి మోయదు, పైకి ఎంత చదునుగా కనిపించినా సరే. చెరువు గట్టుకు నీళ్ల వైపు అంచు ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది. ముందురోజు ఇనుప గునపం గుచ్చి చూడండి. జానెడు లోతు దాకా సులువుగా దిగిపోతే ఆ చోటు వదిలేయండి. కాలువ గట్టు అయితే ఊళ్లో నీటి సంఘం వాళ్లకో, కాలువ చూసుకునే లస్కరుకో ఒక మాట చెప్పాలి. గట్టు తెగితే కింద పొలాలున్నవాళ్లందరికీ నష్టం.

అంచు నిలువుగా ఉంటే కొద్దిగా చెక్కి, లారీ బెడ్ దానికి తాకేదాకా వెనక్కి తేవాలి. జానెడు సందు మిగిలినా పలక వేసి కట్టాలి. గట్టు అంచు మీద చక్రం పడే చోట రెండు స్లీపర్లు అడ్డంగా పడుకోబెడితే బరువు వెడల్పుగా పరుచుకుంటుంది, అంచు విరగదు. బెడ్‌కూ గట్టుకూ అరడుగు, అడుగు తేడా ఉండడం మామూలే. ఆ మాత్రం తేడాను మట్టి పోసి దిమ్మిస కొట్టి సరిచేయండి, రాళ్లు పేర్చి కాదు. గుండ్రటి రాయి టైరు కింద దొర్లిపోతుంది.

గట్టు ఎత్తు చాలకపోతే?

అప్పుడు గొయ్యి తవ్వాలి. 4 అడుగుల బెడ్, 2 అడుగుల గట్టు అనుకుందాం. లారీ వెనుక చక్రాలు అడుగున్నర లోతుకు దిగితే మిగిలే తేడా సుమారు అరడుగే. గొయ్యిని నిలువుగా తవ్వకూడదు. లారీ దిగేటట్టు, మళ్లీ ముందుకు ఎక్కి వెళ్లేటట్టు పొడవుగా వాలు తీయాలి. చక్రం మధ్యనున్న బిళ్ల మునిగేంత లోతు మాత్రం ఎప్పుడూ వద్దు.

వెనుక చక్రాలు దిగాయంటే బెడ్ కూడా వెనక్కి వాలుతుంది. కట్లు విప్పిన మరుక్షణం బండి తనంతట తాను కదలడానికి చూస్తుంది. అందుకే కట్లు విప్పే ముందే బండి నాలుగు చక్రాలకూ చెక్కలు అడ్డం పెట్టాలి, హ్యాండ్ బ్రేకు వేయాలి, గేరులో ఉంచాలి.

రైస్‌మిల్లు ప్లాట్‌ఫారం, రైల్వే గూడ్స్ షెడ్డు వాడుకోవచ్చా?

అనుమతి దొరికితే మంచిదే. బస్తాలు ఎక్కించే ప్లాట్‌ఫారాలు లారీ ఎత్తుకు దగ్గరగా కడతారు. అయితే అవి బస్తాల కోసం కట్టినవి. ట్రాక్టరు దాకా సరే, జేసీబీకి మాత్రం వద్దు. ప్లాట్‌ఫారం లోపల మట్టి నింపి కట్టారా, కింద ఖాళీగా ఉండి పైన స్లాబ్ వేశారా అని అడిగి తెలుసుకోండి. ఖాళీగా ఉంటే దాని జోలికి పోవద్దు. బండి ప్లాట్‌ఫారం మీదికి వచ్చాక మళ్లీ నేలకు దిగడానికి అటువైపు వాలు ఉందో లేదో కూడా ముందే చూసుకోవాలి. ఆ హడావుడిలో చాలామంది ఈ సంగతి మరచిపోతారు. రైల్వే స్థలంలోకి మాత్రం అక్కడి గూడ్స్ ఆఫీసులో అడగకుండా లారీ తీసుకెళ్లకండి.

ట్రాక్టరును ముందుకు దించాలా, రివర్సులోనా?

వీలైతే ముక్కు కిందికి ఉండేలా, ముందుకే దించాలి. ట్రాక్టరు బరువులో ఎక్కువ భాగం వెనుక ఇరుసు మీద ఉంటుంది. ఆ బరువు వాలులో పైవైపు ఉంటే బండి నిలకడగా ఉంటుంది. ఇందుకోసం లారీ మీదికి ఎక్కించేటప్పుడే రివర్సులో ఎక్కించమని షోరూం వాళ్లకు చెప్పాలి.

ముక్కు క్యాబిన్ వైపు పెట్టి తెచ్చేస్తే రివర్సులో దించక తప్పదు. అప్పుడు అన్నిటికంటే తక్కువ రివర్స్ గేరు వేసి, ఇంజిన్ పట్టు మీదే దించాలి. వాలు మీద క్లచ్ తొక్కితే ఆ పట్టు పోతుంది. వెనక్కి దిగుతూ గట్టిగా బ్రేకు కొడితే ముందు చక్రాలు గాలిలోకి లేస్తాయి.

ఎటు దించినా మొదట చేయాల్సింది ఒకటుంది. ట్రాక్టరుకు కుడి బ్రేకు, ఎడమ బ్రేకు వేరువేరు పెడళ్లు. పొలంలో మలుపు తిప్పుకోవడానికి చాలామంది ఆ రెంటినీ కలిపే లాచ్ తీసేసి ఉంచుతారు. అలాగే దించబోతే ఒక చక్రమే ఆగి, బండి పలక మీద నుంచి పక్కకు తిరిగిపోతుంది. లాచ్ వేసి ఉందో లేదో చేత్తో లాగి చూడండి. ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే అది కూడా వేయండి, అప్పుడు ఇంజిన్ పట్టు నాలుగు చక్రాలకూ అందుతుంది.

జేసీబీ, ప్రొక్లెయిన్ (తవ్వకం మిషన్) బకెట్‌తో నేలను పట్టుకుని తమంతట తామే దిగుతాయట కదా?

దించే ఆపరేటర్లు ఉన్నారు, నేనూ చూశాను. వాళ్ల చేతి నేర్పుకు దండం పెడతాను, కానీ ఆ పని చేయమని ఎవరికీ చెప్పను. బండి బరువంతా ఒక బకెట్ మీద, రెండు హైడ్రాలిక్ పైపుల మీద ఆనుతుంది. పాత పైపు ఒక్కటి పగిలితే ఆ ఏడున్నర టన్నులూ ఒక్కసారిగా కిందికి వస్తాయి. బకెట్ ఆనిన నేల కుంగినా అంతే. దించే క్షణంలో లారీ ముందుకు జరిగితే బండి మధ్యలో వేలాడుతుంది. ఇలాంటి బరువైన మిషన్లకు లో బెడ్ ట్రైలర్ మాట్లాడుకోవడమే సరైన పద్ధతి. తప్పనిసరి అయితే గట్టి మెరక వెతికి, ముందు బకెట్‌ను నేలకు దగ్గరగా ఉంచి, వెనుక చేతికి లాక్ వేసి, మెల్లగా నడిపించండి.

హైడ్రా (చక్రాల మీద తిరిగే క్రేన్) పిలిస్తే అన్నీ తీరిపోతాయా?

ట్రాక్టరుకు చాలావరకు తీరతాయి. హైడ్రాలు పైడిభీమవరం, గరివిడి, బొబ్బిలి గ్రోత్ సెంటర్ లాంటి ఫ్యాక్టరీల ప్రాంతాల్లోనూ, గ్రానైట్ పని జరిగే టెక్కలి వైపూ దొరుకుతాయి. మాట్లాడుకునేటప్పుడు గంటకా, ట్రిప్పుకా, రానూపోనూ దూరం ఎవరి లెక్క అని ముందే తేల్చుకోవాలి.

"ఇది 14 టన్నుల హైడ్రా" అంటే ఎప్పుడూ 14 టన్నులు ఎత్తుతుందని కాదు. బూమ్ (క్రేన్ చేయి) దగ్గరగా ఉన్నప్పటి లెక్క అది. బూమ్ చాచినకొద్దీ ఎత్తే శక్తి బాగా పడిపోతుంది. క్యాబిన్‌లో ఉండే లోడ్ చార్టు చూపించమని అడగండి. చూపించడానికి విసుక్కునే ఆపరేటర్ చేతికి మీ బండి ఇవ్వకండి.

బెల్టు కోణం కూడా ముఖ్యమే. రెండు కాళ్ల బెల్టుతో 2 టన్నులు ఎత్తుతున్నామనుకోండి. బెల్టులు అడ్డంగా ఉన్న గీతకు 60 డిగ్రీల కోణంలో ఉంటే ఒక్కో కాలి మీద సుమారు 1.15 టన్నులు పడుతుంది. 30 డిగ్రీలకు వాలిపోతే ఒక్కో కాలి మీద మొత్తం 2 టన్నులూ పడతాయి. పొట్టి బెల్టు తెచ్చి సరిపెట్టడం ఇందుకే ప్రమాదం. ఇరుసుల హౌసింగ్ చుట్టూ కట్టాలి. బంపరుకు, స్టీరింగ్ రాడ్‌కు, మడ్‌గార్డుకు కట్టకూడదు. బండి గాలిలో తిరగకుండా పొడవాటి తాడు కట్టి దూరం నుంచి పట్టుకోవాలి, చేత్తో తోయకూడదు.

పైన కరెంటు తీగలుంటే?

చోటు మార్చండి. పొలాల మీది తీగలు చాలాచోట్ల వేలాడుతుంటాయి, బూమ్ తాకనక్కర్లేదు, దగ్గరగా వెళ్లినా చాలు. వేరే చోటు లేకపోతే ఈపీడీసీఎల్ (కరెంటు సంస్థ) సెక్షన్ ఆఫీసుకు వెళ్లి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే సప్లయి ఆపి పని చేసుకునే అనుమతి) తీసుకోండి, లైన్‌మన్ వచ్చి సప్లయి ఆపాకే పని మొదలుపెట్టండి. కరెంటు సమస్యలకు నంబరు 1912. తీగ బండి మీద పడితే, మంటలు రానంతవరకు డ్రైవరు సీటులోనే కూర్చోవాలి. బయటివాళ్లు బండిని తాకకూడదు.

చైన్ కోత మిషన్‌కు ప్రత్యేకంగా చూడాల్సింది ఏమైనా ఉందా?

ఉంది. చైను మిషన్ లారీ అంచు దాటేటప్పుడు సగం దాకా ఒరగకుండానే వెళ్లి, ఒక్కసారిగా ముందుకు ఒరుగుతుంది. కొత్త డ్రైవర్లు ఆ కుదుపుకు కంగారుపడి లివర్ లాగేస్తారు. ఆ క్షణంలో మిషన్ దాదాపు ఆగినంత నెమ్మదిగా ఉండాలి, వాలు మీద పక్కకు తిప్పకూడదు. చైనుకు అంటిన బురదను ముందే గోకేయండి. లారీ ఇనుప అంచుకు రబ్బరు కోసుకుపోకుండా నాలుగు మడతల గోనె సంచులు పరవండి.

రోడ్డు రోలర్?

ఇనుప డ్రమ్ము ఇనుప పలక మీద సబ్బుముక్కలా జారుతుంది. దాన్ని లో బెడ్ మీదే తెప్పించండి. దించేటప్పుడు పలకల మీద గోనెలు, రబ్బరు షీట్లు వేయండి.

ఇంజిన్ స్టార్ట్ కాని బండిని ఎలా దించాలి?

ఇక్కడ బండికి ఇంజిన్ పట్టు ఉండదు, కొన్నిటికి బ్రేకు, స్టీరింగ్ కూడా సరిగా పనిచేయవు. పై నుంచి పట్టుకుని వదలాలి. చైన్ పుల్లీ ఉంటే మంచిది, కొద్దికొద్దిగా వదలవచ్చు. మోకుతో అయితే గట్టి గుంజకు మూడు నాలుగు చుట్లు తిప్పి వదలండి, ఆ రాపిడే బరువు మోస్తుంది. మనుషులు చేతులతో లాగిపట్టి ఆపే పని కాదు ఇది.

దేనికి కట్టాలి అన్నది ముఖ్యం. చక్రాలకు అడ్డు పెట్టిన ఇంకో బరువైన ట్రాక్టరుకు కట్టడం నాకు ఇష్టం. చెట్టుకైతే మొదలు దగ్గర, నేలకు ఆనినట్టు కట్టాలి. చింత, వేప ఫర్వాలేదు. ఉద్దానం వైపు ఇసుక నేలలో కొబ్బరిచెట్టును నమ్మవద్దు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు ఎన్ని కొబ్బరిచెట్లు వేళ్లతో సహా లేచాయో అక్కడివాళ్లకు గుర్తే.

ఇనుప తాడు తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది. అది సాగి ఉన్న దారికి ఇరువైపులా, తాడు పొడవంత దూరం లోపల ఎవరూ ఉండకూడదు.

ట్రాక్టరు వెనుక ట్రక్కు (ట్రాలీ) మీద తెచ్చిన మిషన్‌ను దించేటప్పుడు ట్రక్కు విప్పేయవచ్చా?

వద్దు. రెండు చక్రాల ట్రక్కు అయితే అస్సలు విప్పవద్దు. బరువు వెనక్కి జరగగానే తోక నేలకు కొట్టుకుని ముక్కు గాలిలోకి లేస్తుంది. ఎదురుగా మనిషి ఉంటే గడ్డానికి తగులుతుంది. ముందు ట్రాక్టరుకు తగిలించే ఉంచి, వెనుక చాసీ కింద స్లీపర్లు పేర్చి ఊతం ఇవ్వాలి. పెద్ద లారీకైనా ఈ ఊతం మంచిదే. బండి చివరికి వచ్చినప్పుడు లారీ స్ప్రింగులు కుంగి, పలకల కోణం మారిపోతుంది.

టిప్పరు ఎత్తి జార్చేస్తే?

వద్దు. జారడం మొదలైన బండిని ఆపే మార్గం ఏదీ లేదు. అంత బరువు ఒక పక్కకు ఒరిగితే టిప్పరు కూడా పడుతుంది.

వర్షం పడుతుంటే?

ఆపండి. తడి పలక, తడి టైరు, మెత్తని గట్టు మూడూ ఒకేసారి కలుస్తాయి. వాన వెలిశాక కూడా గట్టును మళ్లీ గునపంతో చూసుకోవాలి.

హైవే పక్కన దించవచ్చా?

16వ నంబరు జాతీయ రహదారి అంచున ఎప్పుడూ వద్దు. సర్వీసు రోడ్డు దిగి లోపలికి వెళ్లండి. లారీ చెడిపోయి అక్కడే ఆగిపోతే 1033కు ఫోన్ చేయండి, వెనుక దూరంగా రిఫ్లెక్టర్ త్రికోణం పెట్టండి. రాత్రి దించే పని పెట్టుకోకండి. టార్చిలైటు వెలుగులో పలక అంచు కనిపిస్తుంది, కింది గూటం కదులుతోందో లేదో కనిపించదు.

దించేటప్పుడు ఎంతమంది ఉండాలి?

బండి మీద డ్రైవరు ఒక్కడే. కింద చూసి చెప్పేవాడు ఒక్కడే. డ్రైవరు అతని మాట మాత్రమే వినాలి. ఊళ్లో బండి దిగుతుందంటే పదిమంది చేరతారు, ప్రేమతోనే వస్తారు, తలా ఒక మాట చెబుతారు. "కుడికి", "ఎడమకి" అనే కేకలు కలిసిపోయి డ్రైవరుకు టెన్షన్ పెరుగుతుంది. పిల్లల్ని బయటికి పంపండి. కొబ్బరికాయ కొట్టడం, పసుపు రాయడం బండి నేల మీద నిలిచాకే. పలకల మధ్య నిలబడి ఫోటోలు తీసేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ గుండె దడ పుడుతుంది.

మధ్యలో జారడం మొదలైతే డ్రైవరు ఏం చేయాలి?

స్టీరింగ్ నేరుగా ఉంచాలి, గేరు తీయకూడదు. తిరగబడుతున్న ట్రాక్టరు నుంచి వాలు వైపుకు దూకితే అది మీదే పడుతుంది. కింద ఉన్నవాళ్లు ఆపబోకూడదు, దూరంగా పరుగెత్తాలి. దెబ్బ తగిలితే 108. మీద బరువు పడిన మనిషిని బండి కదిపి లాగకండి. ముందు బండి ఇంకా జరగకుండా అడ్డు పెట్టి, పైకి ఎత్తాకే తీయాలి.

పడితే ఇన్సూరెన్స్ వస్తుందా?

థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే మీ బండి నష్టానికి రాదు. ప్యాకేజీ పాలసీలో రోడ్డు, రైలు రవాణాలో జరిగిన నష్టం కూడా ఉంటుంది. దించేటప్పుడు జరిగిన దానికి వర్తిస్తుందా అని పాలసీ కాగితం తీసి ఏజెంటును ముందే అడగండి. కొత్త బండిని డీలరే తెచ్చి అప్పగిస్తానంటే, నేల మీద నిలిచేదాకా బాధ్యత ఆయనదేనని బిల్లు మీద రాయించుకోండి. దించాక చుట్టూ తిరిగి చూసి, ఇరుసు కింద నూనె కారడం లేదని నిర్ధారించుకునేదాకా డెలివరీ కాగితం మీద సంతకం పెట్టకండి.

లారీ మాట్లాడుకునేటప్పుడే ఏం అడగాలి?

బెడ్ ఎత్తు ఎంత, వెనుక తలుపు పూర్తిగా కిందికి పడుతుందా, సొంత ర్యాంపు ఉందా, గొలుసులు, చెక్కలు లారీలో ఉన్నాయా. తర్వాత మీ ఊరి దారి సంగతి మీరు చెప్పాలి. కల్వర్టు బలం, మలుపులు, తీగల ఎత్తు, దించబోయే గట్టు ఎక్కడుందో. నేనైతే ఆ గట్టు ఫోటో ఒకటి, దాని పక్కన టేపు పెట్టి తీసింది, లారీ డ్రైవరుకు ముందురోజే పంపిస్తాను. "ఇక్కడ కుదరదు" అని అతను ఫోన్లోనే చెప్పేస్తే, ఆ సాయంత్రమే వేరే చోటు చూడవచ్చు.